నలభై నాలుగేళ్లకు ఎల్‌ఎల్‌ఆర్: మా జిల్లా ఆర్‌టీఏ ఆఫీసులో నా రెండు రోజులు

నేను ఏఎన్ఎంని, అంటే ఊళ్లలో టీకాలు వేసే నర్సమ్మని. తెలంగాణలో ఒక సబ్ సెంటర్‌లో పంతొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. మూడు ఊళ్లు, రెండు తండాలు నావి. అన్నిటికంటే దూరం ఉన్న తండా తొమ్మిది కిలోమీటర్లు. ఇన్నేళ్లూ ఆటోల్లో, లేదంటే ఎవరో ఒకరి బండి వెనక కూర్చుని పోయాను. బుధవారం, శనివారం మాకు టీకాల రోజులు. ఆటో దొరక్క, వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని ఎండలో నడిచిన శనివారాలు చాలా ఉన్నాయి. లోపల ఐస్ ప్యాకులు కరిగిపోతాయేమో, అక్కడ తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చుని ఉంటారే అని దారి పొడవునా టెన్షన్.

ఈ ఏడాది వేసవిలో మా పెద్దమ్మాయి "అమ్మా, ఇంక చాలు, స్కూటీ కొందాం, నేను నేర్పిస్తా" అంది. సరే అన్నాను. అయితే బండి కంటే ముందు లైసెన్స్ అని గట్టిగా అనుకున్నాను. అందుకే 2024 జూన్‌లో ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లెర్నర్ లైసెన్స్ కోసం మా జిల్లా ఆర్‌టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు వెళ్లాను. నా వయసు ఆడవాళ్లు చాలామంది ఆ గేటు చూసే భయపడి పని ఏజెంటుకు అప్పజెప్పేస్తున్నారు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను. ఏజెంటు లేకుండానే పని అవుతుంది. నాకు అయింది. కాకపోతే ఒకసారికి బదులు రెండుసార్లు తిరిగాను. ఎందుకు తిరగాల్సి వచ్చిందో చెబుతాను, మీకు ఆ అవస్థ ఉండదు.

బండి చూడటానికి వెళ్లినప్పుడు షోరూమ్ అబ్బాయి లైసెన్స్ అక్కర్లేని ఎలక్ట్రిక్ బండి ఒకటి చూపించాడు. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న బండికి లైసెన్స్, రిజిస్ట్రేషన్ వద్దు అన్నాడు. అది నిజమే, రూల్ అలాగే ఉంది. కానీ మా తండా దారిలో రెండు పెద్ద ఎక్కుళ్లు ఉన్నాయి. క్యారియర్, రిజిస్టర్ల సంచి, బరువు చూసే మిషన్ పెట్టుకుని ఆ బండితో ఆ ఎక్కుడు ఎక్కగలనన్న నమ్మకం నాకు కలగలేదు. ఇంకో మాట కూడా ఉంది. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) బండి మీద నుంచి పడ్డ పిల్లలకు కట్లు కట్టిన చేతులు ఇవి. పదో తరగతి పిల్లలు ముగ్గురు ఒకే బండి మీద పోయి కల్వర్టుకు గుద్దుకున్న రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో తల్లులకు చెబుతున్నాను: పద్దెనిమిది నిండకుండా బండి ఇవ్వకండి, పదహారేళ్లకు లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే, అదీ తల్లిదండ్రులు సంతకం పెడితేనే. మైనర్ నడిపి దొరికితే 2019లో మార్చిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు. ఊరందరికీ ఇంత చెప్పే నేను లైసెన్స్ లేకుండా బండి ఎక్కలేను.

ఇక కాగితాల సంగతి. ఆధార్, పదో తరగతి మెమో, ఫొటోలు అందరికీ తెలిసినవే. బ్లడ్ గ్రూపు అడుగుతారు, ముందే తెలిసి ఉండాలి. ఫారం 2 అంటే దరఖాస్తు. ఫారం 1 అంటే నా ఆరోగ్యం బాగానే ఉందని మనమే సంతకం పెట్టి ఇచ్చేది. నలభై దాటిన వాళ్లకు దీనితో పని అవదు, డాక్టరు పరీక్ష చేసి ఇచ్చే ఫారం 1ఏ కావాలి. నేను తప్పింది ఇక్కడే. స్లాట్ బుక్ చేసిన నెట్ సెంటర్ అబ్బాయికి ఈ సంగతి తెలియదు, నేనూ అడగలేదు.

దరఖాస్తు ఫారం ఇంట్లో కూర్చుని చదువుతుంటే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ప్రమాదంలో మరణిస్తే అవయవాలు దానం చేయడానికి మీకు ఇష్టమేనా అని ఉంది. బండి నేర్చుకుందామని కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న చూడగానే గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. మాకు జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం గురించి ట్రైనింగుల్లో చెప్పారు, నేనూ నలుగురికి చెప్పాను. అయినా నా పేరు, నా పుట్టిన తేదీ రాసిన కాగితం మీద ఆ ప్రశ్న కనబడితే వేరేగా ఉంటుంది. మా ఆయన్ని, ఇద్దరమ్మాయిల్ని పిలిచి అడిగాను. చిన్నది కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీ ఇష్టమమ్మా, నువ్వు హెల్మెట్ మాత్రం పెట్టుకో" అంది. అవును అని టిక్ పెట్టాను. మీరు ఏది పెట్టినా ఫర్వాలేదు, కానీ నెట్ సెంటర్‌లో ఎవరో గబగబా నొక్కేయకుండా చూసుకోండి. ఆ జవాబు ఇంట్లో మాట్లాడుకుని ఇవ్వాల్సింది.

ఫీజు విషయానికొస్తే, కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, టెస్టుకు 50 రూపాయలు. దాని మీద రాష్ట్రం సర్వీస్ ఛార్జీ వేస్తారు. ఆన్‌లైన్‌లోనే కట్టాలి, రసీదు ప్రింట్ తీసుకోవాలి. నేను గేర్లు లేని బండికి మాత్రమే పెట్టాను. గేర్లున్న బైకు నడిపే ఆలోచన ఉంటే దానికే పెట్టుకోండి, ఆ లైసెన్స్‌తో స్కూటీ కూడా నడపొచ్చు.

మొదటిసారి జూన్ 13, గురువారం. స్లాట్ పదిన్నరకు. బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికే ఒకతను ఎదురొచ్చి "అక్కా, ఎల్‌ఎల్‌ఆరా? గా లైన్ల నిలబడుడెందుకు, రెండు వేల ఐదొందలియ్యి, అంత నేను చూసుకుంట" అన్నాడు. వద్దన్నాను. "నలభై దాటినయి గద, మెడికల్ లేకుంటె వాపస్ పంపుతరు, చూస్కో మరి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, బెదిరిస్తున్నాడు అనుకున్నాను. అతను చెప్పిందే నిజమైంది. గంటన్నర నిలబడ్డాక కౌంటర్ దగ్గర నా పుట్టిన తేదీ చూసి, ఫారం 1ఏ లేదని కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. స్లాట్ పోయింది. సెలవు పోయింది.

నా బాధంతా ఒక్కటే. ఆ విషయం గేటు బయట తిరిగే మనిషికి తెలుసు. ఆఫీసు గోడ మీద మాత్రం ఎక్కడా లేదు. లోపల నోటీసు బోర్డు ఉంది. దాని మీద పాత సర్క్యులర్లు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి, అన్నీ ఇంగ్లిష్‌లో, ఎండకు అక్షరాలు తెల్లబడిపోయి. తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క కాగితం, "నలభై దాటితే డాక్టరు సర్టిఫికెట్ తేవాలి" అని అతికిస్తే ఆ రోజు నాతో పాటు తిరిగిపోయిన ఇంకో ఇద్దరికి పని అయిపోయేది. వాళ్లలో ఒకాయన్ని కొడుకు ఆటో కిరాయికి మాట్లాడుకుని నలభై కిలోమీటర్ల నుంచి తీసుకొచ్చాడు. ఏజెంట్లను తరిమితే పోరు. వాళ్లు అమ్ముకునే సమాచారాన్ని ఆఫీసే ఊరికే చెబితే వాళ్ల దగ్గరికి ఎవరు పోతారు?

ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం వేసి ఉంది. తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుందట, అటెండర్ టీకి పోయాడట. ఉదయం ఏడింటికి ఇల్లు దాటిన ఆడవాళ్లు ఉంటారు ఆ లైన్లో. ఇది చిన్న విషయం కాదు. మంచినీళ్లు మాత్రం ఉన్నాయి, క్యాన్ నిండుగానే ఉంది.

మర్నాడు మా పీహెచ్‌సీలో డాక్టరు గారిని సర్టిఫికెట్ అడిగాను. రోజూ కలిసి పనిచేసేవాళ్లమే కదా, సంతకం పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. "రండి, బయటికి పోదాం" అన్నారు. ఆ ఫారంలో ఒక మాట ఉంది: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి బండి నంబర్ ప్లేటు చదవగలరా అని. పీహెచ్‌సీ ముందు అంబులెన్స్ ఆగి ఉంది. అక్కడి నుంచి ఆయనే అడుగులు లెక్కపెట్టుకుంటూ వేపచెట్టు దాకా వచ్చి నన్ను నిలబెట్టారు. నా పాత కళ్లద్దాలతో చదివాను. 'టీఎస్' కనబడింది. చివరి నాలుగు అంకెల్లో ఒకటి మూడో ఎనిమిదో తేలలేదు. కళ్లు చిట్లించి చూశాను. "చిట్లించకండమ్మా, రోడ్డు మీద చిట్లించే టైం ఉండదు" అన్నారు. ఎనిమిది అన్నాను. అది మూడు.

ఆ రోజు ఆయన సంతకం పెట్టలేదు. నాకు ఆ క్షణంలో చిన్నతనంగా అనిపించింది, చుట్టూ ఆశాలు, స్టాఫ్ నర్సు ఉన్నారు. కానీ ఇంటికి పోయి ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. నాలుగేళ్లుగా అవే కళ్లద్దాలు. ఆ చూపుతో నేను బండి ఎక్కేదాన్ని. టౌన్‌లో కళ్లు చూపించుకుని కొత్త అద్దాలు వేయించుకున్నాను, సైటు పెరిగిందన్నారు. ఐదు రోజుల తర్వాత మళ్లీ అదే వేపచెట్టు కింద నిలబడ్డాను. ఈసారి అంకెలన్నీ స్పష్టంగా, ప్లేటు పక్కన ఉన్న బోల్టు తుప్పుతో సహా కనిపించాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కూడా చూసి, అప్పుడు ఫారం 1ఏ మీద సంతకం పెట్టారు. నలభై దాటిన వాళ్లందరికీ నా మనవి: డబ్బులిచ్చి చూడకుండా సంతకం పెట్టించుకోకండి. ఈ మొత్తం తతంగంలో మన ప్రాణం కాపాడే కాగితం అదొక్కటే.

రెండోసారి జూన్ 27, అదీ గురువారమే. బుధవారం, శనివారం నాకు కుదరవు కదా. ఈసారి ముందే వెళ్లి షెడ్డు కింద కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దమనిషి, యాభై ఉంటాయి, గొర్లు కాసే ఆయన. కొడుకు టీవీఎస్ బండి కొనిచ్చాడట. నా ఫోన్‌లో మోడల్ ప్రశ్నలు ఉంటే ఇద్దరం కలిసి చదువుకున్నాం. ఒకచోట ఆగి "అమ్మా, 'అధిగమించుట' అంటె ఏంది?" అన్నాడు. ఓవర్‌టేక్ చేసుడు అని చెప్పాను. "గట్ల రాస్తె అయిపోవు గద" అన్నాడు.

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. పరీక్ష తెలుగులో రాయొచ్చు, అది చాలా మంచి విషయం. కానీ ఆ తెలుగు మనం మాట్లాడేది కాదు. 'నిషేధింపబడినది', 'వాహనచోదకుడు', 'పాదచారులు' లాంటి మాటలు వరసగా వస్తుంటే రోడ్డు మీద ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషికి కూడా తెలిసిన జవాబు తెలియనట్టే ఉంటుంది. మేము టీకా కార్డు గురించి తల్లికి చెప్పేటప్పుడు 'వ్యాధి నిరోధకత' అనం, 'రోగం రాకుండ' అంటాం. ప్రశ్నలు రాసేవాళ్లు ఒక్కసారి ఈ షెడ్డు కింద కూర్చుని నలుగురికి చదివి వినిపించి చూడాలని నా కోరిక.

కౌంటర్ దగ్గర ఈసారి ఒక అమ్మాయి ఉంది, నా పెద్ద కూతురి కంటే నాలుగైదేళ్లు పెద్దది ఉంటుందేమో. కాగితాలు ఒక్కొక్కటి చూసింది. నా మెమోలో ఇంటి పేరు ఒక అక్షరంతో, ఆధార్‌లో పూర్తిగా ఉంది. నా పై ప్రాణం పైనే పోయింది. ఆమె "ఫర్వాలేదు మేడమ్, ఇది మాకు రోజూ ఉండేదే, పుట్టిన తేదీ కలిసింది కదా" అంది. వెనక ఎంత లైనున్నా విసుక్కోలేదు. పేరు అడిగి తెలుసుకున్నాను గాని ఇక్కడ రాయను. అలాంటి మనిషి కౌంటర్‌లో ఉన్న రోజు ఆ ఆఫీసుకు ఐదుకు ఐదు ఇవ్వొచ్చు.

ఫొటో, సంతకం అక్కడే తీసుకున్నారు. తర్వాత పరీక్ష గది. ఏసీ ఉంది, వరసగా కంప్యూటర్లు, వేలితో నొక్కే స్క్రీన్లు. ఇరవై ప్రశ్నలు, పన్నెండు కరెక్ట్ అయితే పాస్. స్క్రీన్ మీద టైమ్ తగ్గుతూ ఉంటుంది, అది చూడకుండా ప్రశ్న చూడండి. ఎక్కువగా గుర్తులే అడుగుతారు. నేను గుర్తుపెట్టుకున్న పద్ధతి చెబుతాను: గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, పాటించి తీరాలి. త్రికోణం అయితే జాగ్రత్త చెబుతోంది. నలుచదరంగా ఉంటే సమాచారం, అంటే ఆసుపత్రి, పెట్రోల్ బంకు లాంటివి. తలకిందులు త్రికోణం మాత్రం హెచ్చరిక కాదు, దారి ఇవ్వమని ఆజ్ఞ. దీన్ని చాలామంది తప్పు పెడతారు. నీలం గుండ్రంలో ఎర్ర గీత ఒకటి ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆగనే వద్దని. నేను సరిగ్గా దాని దగ్గరే తొందరపడి తప్పు నొక్కాను. ఘాట్ రోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి అనే ప్రశ్న వచ్చింది. అంబులెన్స్ వెనక వస్తే ఏం చేయాలి అనే ప్రశ్న కూడా వచ్చింది. దానికి జవాబు నొక్కేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. పురిటి నొప్పులు పడుతున్న అమ్మాయిని పెట్టుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రాత్రులు నాకు తెలుసు.

పదిహేడు వచ్చాయి. గొర్ల పెద్దాయనకు పదమూడు. బయటికి వచ్చి నా వైపు చూసి రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. పాపం ఒక కాలేజీ అబ్బాయికి పదకొండే వచ్చాయి. ఫెయిల్ అయితే మళ్లీ స్లాట్ తీసుకుని, టెస్ట్ ఫీజు మళ్లీ కట్టాలి. ముందు రోజు రాత్రి గంటసేపు గుర్తులు చూసుకుంటే చాలు, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

తర్వాత ఇన్‌స్పెక్టర్ గారి గది. మా అత్తమ్మ ఇప్పటికీ 'బ్రేక్ ఇనస్పెక్టర్' అంటుంది. కాగితాలు చూసి "ఎక్కడ పని చేస్తారమ్మా" అని అడిగారు. చెప్పాను. "మంచిది, ఎల్ బోర్డు మర్చిపోకండి" అన్నారు. ఒంటిగంటకల్లా ఎల్‌ఎల్‌ఆర్ ప్రింట్ చేతికి వచ్చింది. పదకొండుకు స్లాట్, ఒంటిగంటకు పని పూర్తి. ఇందులో నేను ఎవరికీ ఒక్క రూపాయి అదనంగా ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. గేటు బయట అడిగిన ఆయన సంగతి ముందే చెప్పాను.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందంటే ఇక నడిపేయొచ్చు అనుకోకండి. అది ఆరు నెలలే చెల్లుతుంది. ముప్ఫై రోజులు నిండాక పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకు వెళ్లాలి, ఆరు నెలలు దాటితే మళ్లీ మొదటి నుంచి. బండికి ముందూ వెనకా తెల్లటి అట్ట మీద ఎర్ర రంగులో 'ఎల్' ఉండాలి. ఆ అట్ట కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మార్కెట్‌లో అమ్మే చిన్న స్టిక్కర్లు దానికి సరిపోవు. మా చిన్నది స్కేలు పెట్టి గీసి, డ్రాయింగ్ షీటు మీద కత్తిరించి ఇచ్చింది. ఇంకోటి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, నేర్పే లైసెన్స్ ఉన్న మనిషిని తప్ప. ఆశా వర్కర్లు ఇప్పటికే "అక్కా, మమ్మల్ని కూడా తీసుకపో" అంటున్నారు. ఇప్పుడు కాదు, పర్మనెంట్ వచ్చాకే అని చెప్పాను.

పొద్దున ఐదున్నరకు మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. పెద్దమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినన్నాళ్లూ వెనక కూర్చుని నేర్పింది. ఇప్పుడు సుద్దముక్కతో నేల మీద ఎనిమిది గీసుకుని దాని మీద తిప్పుతున్నాను, టెస్టులో అదే అడుగుతారు. మొదట్లో కాళ్లు కింద పెట్టేదాన్ని. నిన్న ఎడమవైపు మలుపు ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా తిప్పాను.

ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చే ముందు సలహాల రిజిస్టర్ అడిగాను. ఉంది. అందులో రెండు విషయాలు తెలుగులో రాసి, నా పేరు, ఊరు, డ్యూటీ రాసి సంతకం పెట్టాను: నలభై దాటిన వాళ్లకు ఫారం 1ఏ కావాలని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి, ఆడవాళ్ల టాయిలెట్ తాళం తీసి ఉంచండి. కౌంటర్‌లోని ఆ అమ్మాయే రిజిస్టర్ అందుకుని, చదివి, "నేను సార్‌కి చూపిస్తాను మేడమ్" అంది. నా పర్మనెంట్ టెస్టు స్లాట్ ఆగస్టు 8, గురువారం. గేటు లోపలికి పోగానే ముందు ఆ గోడ వైపే చూస్తాను.